అలవెన్సులు సున్నా

మార్చి 2, 1979. శుక్రవారం
సన్నీవేల్‌లో నా మూడో చెక్కు. వారానికి నూట నలభై డాలర్లు. ఇన్‌కమ్ టాక్స్ కిందే పధ్నాలుగు పైన పోయింది. టాక్సుకీ బస్సుకీ పోగా మిగిలేదానికి ఇంత శ్రమ ఎందుకు, నెలాఖరుకి మానెయ్యమన్నారు మా ఆయన. కోపంగా కాదు, జాలిగా. తలూపాను.

మానాలని లేదు. ఫ్యాక్టరీలో మైక్రోస్కోప్ ముందు కూర్చుంటే ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. నా చెయ్యి వణకదని సూపర్‌వైజర్ అంది.

మార్చి 4. ఆదివారం
ప్రేమజ్యోతి అక్క ఇంట్లో ప్రార్థన. అక్క ఒక ఆఫీసులో పేరోల్ చూస్తుంది. ప్లేట్లు కడుగుతూ, నాకింత టాక్స్ ఎందుకు పోతోందని మెల్లగా అడిగాను. చేరిన రోజు ఫారంలో అలవెన్సులు ఎన్నని రాశావంది. సున్నా అన్నాను. మా నాన్న గుంటూరులో ఆఫీసు జవాను. అలవెన్సంటే జీతం మీద ఇచ్చే డబ్బే కదా, డి.ఏ. లాగా. ఇంకా పని మొదలుపెట్టకుండానే అది కావాలని ఎలా అడుగుతాను?

అక్క నవ్వీ నవ్వీ కింద కూర్చుండిపోయింది. కళ్ళు తుడుచుకుని అంది: "పిచ్చిదానా, నీకేం కావాలని అడగలేదే వాళ్ళు. లెక్కలో ఎంతమంది ఉన్నారని అడిగారు. నువ్వేమో అసలు లేనని రాసిచ్చావు."

ఆయన తన ఫారంలో తనొక్కరినే రాసుకున్నారని, నన్ను ఎవరూ లెక్కలో వెయ్యలేదని తెలుసుకుని, ఏ జీతానికి ఎంత టాక్సో ఉండే టేబుల్ పుస్తకం తెచ్చింది. ఒక్కో అలవెన్సుకి వారం జీతంలోంచి పంతొమ్మిది డాలర్ల చిల్లర పక్కన పెడతారట. టాక్స్ మిగిలినదానికే. అక్క వేలు నూట నలభై దగ్గర ఆగి, అడ్డంగా జరిగింది. సున్నా కింద పధ్నాలుగు, ఒకటి కింద పదకొండు. ఎంత తేలిగ్గా జరిగిందో ఆ వేలు! తర్వాత నా వేలు పట్టుకుని జరిపించింది. నేను చదివింది ఏడో తరగతే అని ఆ కాసేపు గుర్తు రాలేదు.

మార్చి 5
అలవెన్సులు ఒకటి అని రాసి, ఫ్యాక్టరీ ఆఫీసులో అమ్మాయికి కొత్త ఫారం ఇచ్చాను. చెప్పాల్సిన ఒక్క వాక్యం బస్సులో దారంతా అనుకున్నాను. ఆ అమ్మాయి తలెత్తనే లేదు.

మార్చి 9
ఈసారీ పధ్నాలుగే. మారేది వచ్చే చెక్కుకట. ఆయన కాలెండర్ వైపు చూశారు.

మార్చి 16. శుక్రవారం
కవరు విప్పకముందే అరచేతిలో పదకొండు అని రాసుకున్నాను. ఆయన్నే విప్పమన్నాను. పదకొండు, పైన చిల్లర. తగ్గిన మూడు డాలర్లూ నా వారం బస్సు ఖర్చంత. ఆయన చెక్కు చూశారు, నా చెయ్యి చూశారు. ఎవరు లెక్క కట్టారని అడిగారు.

నేనే అన్నాను. పైకే అన్నాను.

మార్చి 19. సోమవారం
ఆయన నన్ను కార్‌లో ఫ్యాక్టరీ దగ్గర దింపారు. బస్సు చిల్లర పర్సులోనే ఉంది.