ప్లగ్గు పీకితే పాటలు పోతాయి

జూన్ 2, ఉదయం 7:10

ఈ డైరీ మా అమ్మాయికి కాలేజీలో ఎవరో ఇచ్చారు. ఆర్నెల్లుగా ఖాళీగా పడుంది. ఇవాళ్టి నుంచి నాది. నేను చదివింది తొమ్మిదో తరగతి, అదీ రెండుసార్లు. తప్పులుంటే చదివేవాళ్ళ ఖర్మ.

ప్రతిజ్ఞ: అటక మీంచి నా పాత కీబోర్డు దించాను. లోపల ఇరవై పాటలున్నాయి. ఇరవయ్యీ మా బావ కట్టినవే. మాటలూ ట్యూన్లూ ఆయనవి, వెనక వాయిద్యాలన్నీ నావి. రోజుకి రెండు చొప్పున కంప్యూటర్లోకి ఎక్కిస్తాను. పది రోజుల్లో ఖతం!!

ఎందుకంటే ఈ నెల 24న బావ రిటైర్మెంటు. ముప్పై నాలుగేళ్ళు ఇంటింటికీ తిరిగి నీళ్ళ మీటర్లు చూసిన మనిషి. ఆఫీసువాళ్ళు హాలు తీసుకున్నారట. అక్క ఫోన్ చేసింది. "ఒరే, ఆయన ఎలాగూ పాడడు. కనీసం ఆయన పాటల మ్యూజిక్కైనా ఆ హాల్లో వినిపించరా. ఆయనకి మాత్రం చెప్పకు, వద్దంటాడు" అంది. అక్క నన్ను బతిమాలడం నా యాభై ఒక్కేళ్ళలో ఇదే మొదలు. టక్కున ఒప్పుకుంటే విలువుండదని కాసేపు దగ్గాను.

9:30

రేడియోలు బాగుచేసే మాస్టారు వచ్చి మూత విప్పి చూశాడు.

"లోపల బిళ్ళ బ్యాటరీ ఒకటుంది. ఇన్నాళ్ళూ అటక మీద పాటల్ని కాపాడింది అదే, ఇప్పుడు కొనఊపిరితో ఉంది. ఇప్పుడిక ప్లగ్గులో ఉన్నంతసేపే పాటలు. పీకావో, ఇరవయ్యీ గాల్లోకే."

"కొత్త బ్యాటరీ వేసేస్తే?"

"పాతది తీసిన మరుక్షణం పోతాయయ్యా. ముందు ఎక్కించుకో, ఆ తర్వాత నన్ను పిలు."

అంటే ఎక్కించడం పూర్తయ్యేదాకా ప్లగ్గు కదలకూడదు. వైరు పొట్టిది. ఫ్రిజ్ పక్క సాకెట్ నుంచి భోజనాల బల్ల దాకానే వస్తుంది. కాబట్టి కీబోర్డు బల్ల మీద.

మా ఆవిడ: "బల్ల నిండా దీన్ని పడుకోబెట్టారు. మేం ఎక్కడ తినాలి?"

నేను: "చుట్టూ నించుని తినండి. పెద్ద పెద్ద పార్టీల్లో అలాగే తింటారు."

ఆవిడ చూసిన చూపు రాయడానికి ఈ పేజీ చాలదు.

జూన్ 3, సాయంత్రం

షాపు (జిరాక్స్, లామినేషన్, నా నోటి దురద) నాలుగింటికే కట్టేశాను. హెడ్‌ఫోన్ కన్నం నుంచి కంప్యూటర్‌కి వైరు పెట్టాను. మొదటి పాట మొదలెట్టాను. అది మోగినంతసేపూ కంప్యూటర్ రాసుకుంటూ ఉండాలి. ఐదు నిమిషాల పాటకి ఐదు నిమిషాలు. అడ్డదారి లేదు.

రెండు పాటలు పూర్తి! అనుకున్న ప్రకారం!! నేను పుట్టాల్సింది పెద్ద కంపెనీలో.

జూన్ 4

నిన్నటి రెండూ విన్నాను. ఏమీ లేదు. తొమ్మిది నిమిషాల పన్నెండు సెకన్ల నిశ్శబ్దం, చాలా స్పష్టంగా రికార్డయింది.

మా అమ్మాయి వచ్చి వంగి చూసింది. "నాన్నా, వైరు ఆకుపచ్చ కన్నంలో పెట్టావు. గులాబీ దాంట్లో పెట్టాలి."

"తెలుసు. నీకు తెలుసో లేదో అని."

జూన్ 5

నాలుగు పాటలు! నిన్నటి బాకీ రెండు, ఇవాళ్టివి రెండు, లెక్కకి లెక్క సరిపోయింది. కాకపోతే మూడో పాటలో ఒకచోట తేనెటీగల గుంపు వినిపిస్తోంది. మిక్సీ. మా ఆవిడని పాట నడిచేటప్పుడు మిక్సీ వెయ్యొద్దన్నాను. అయితే వంట పాటల మధ్యలో చెయ్యమంటారా అంది. చెయ్యమన్నాను. రాత్రికి బ్రెడ్డు.

జూన్ 8

మొత్తం తొమ్మిది. పదోది బావ కట్టిన హుషారు పాట. తాళానికి ఆగలేక నాలుగడుగులు వేశాను, కాలికి వైరు తగిలి ఊడింది. ప్లగ్గు వైరు కాదు, కంప్యూటర్‌కి పెట్టింది. గుండె మాత్రం ప్లగ్గుతో పాటే ఊడినంత పనైంది. ఇవాళ్టికి చాలు.

జూన్ 10

పదమూడు పూర్తి. వినేకొద్దీ ఒకటి అర్థమవుతోంది: బావ మామూలోడు కాదు. మీటర్ల పుస్తకం వెనక అట్ట మీద రాసుకొచ్చేవాడు ఇవన్నీ. అప్పట్లో నాకు వెనకాల డప్పు ఎంత గట్టిగా మోగుతోందన్నదే ముఖ్యం.

జూన్ 11, సాయంత్రం 5:45

పద్నాలుగో పాట.

ఇది ఆ పాట. బావ చేత పాడటం మాన్పించిన పాట.

ఇరవై రెండేళ్ళ కిందట మాదో చిన్న ఆర్కెస్ట్రా. ఒక ఫంక్షన్‌లో ఈ పాటే చివర పెట్టుకున్నాం. నేను ముందే వాయించి కీబోర్డులో దాచేసేవాణ్ణి. స్టేజి మీద బటన్ నొక్కి, వాయిస్తున్నట్టు చేతులు ఊపడమే నా పని. చరణం మధ్యలో బావ గొంతు పగిలింది. మళ్ళీ ఎత్తుకున్నాడు, మళ్ళీ పగిలింది. హాలంతా గొల్లుమంది. మైకు కుర్చీ మీద పెట్టి, చెప్పులు చేత్తో పట్టుకుని, వెనక గుమ్మంలోంచి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత కూనిరాగం కూడా తియ్యలేదని అక్క అంటుంది.

ముందు నవ్వింది నేనే. "కుక్కర్ విజిల్ వేసింది" అన్నది కూడా నేనే. అప్పట్నుంచి చుట్టాల పిల్లలందరికీ ఆయన కుక్కర్ మామయ్య.

ఇవాళ ఆ పాట తెరిచాను. చిన్న స్క్రీన్‌లో పాట నంబరు పక్కన ఒక అంకె ఉంటుంది. శ్రుతి ఎంత ఎక్కించామో అది చూపిస్తుంది. ఒక్కో నొక్కుకి ఒక్కో మెట్టు. పదమూడు పాటలకీ అక్కడ సున్నా.

దీనికి ప్లస్ నాలుగు.

6:30

మెషీన్ పాతదైపోయింది. అంకెలు తప్పు చూపిస్తోంది.

6:50

పదిహేను, పదహారు, పదిహేడు తెరిచి చూశాను. సున్నా. సున్నా. సున్నా.

7:15

సరే. డైరీకి కూడా అబద్ధం చెప్తే ఇక ఎవరికి నిజం చెప్తాను?

రిహార్సల్స్‌లో రోజుకో మెట్టు ఎక్కించేవాణ్ణి. తమాషాకి. బావ మునివేళ్ళ మీద లేచి, కొంగలా మెడ సాచి పాడుతుంటే వెనక నాకు పొట్టచెక్కలయ్యేది. ఫంక్షన్ రోజు పొద్దున తిరిగి సున్నాకి దించేశాను. దించేశాననే అనుకున్నాను. ఇరవై రెండేళ్ళు అదే అనుకున్నాను. దించాక ఆ మార్పుని కీబోర్డులో దాచడం మర్చిపోయాను కాబోలు.

ఆయన గొంతు బాగానే ఉంది. నేనే దాన్ని అటకెక్కించాను.

జూన్ 12

షాపులో రద్దీ. పాటలు: 0.

జూన్ 13

కంప్యూటర్ వేడెక్కింది. విశ్రాంతి ఇచ్చాను. పాటలు: 0.

జూన్ 14, మధ్యాహ్నం

ఆలోచన: పద్నాలుగో పాట వదిలేసి మిగతావి ఎక్కిస్తే? అక్కకి ఆ పాటే కావాలి. నిన్న ఫోన్‌లో రెండుసార్లు అడిగింది.

ఇంకో ఆలోచన: సున్నాకి దించి ఎక్కించేస్తే? ఎవరికీ తెలీదు. హాల్లో సున్నాలో మోగుతుంది. బావ వింటాడు. ఈ శ్రుతి తన గొంతుకి సరిగ్గా సరిపోతుందే అనుకుంటాడు. మరి ఆరోజు నాకేమైంది అనుకుంటాడు. మళ్ళీ తననే తిట్టుకుంటాడు.

మూడో ఆలోచన ప్లగ్గు దగ్గర నించుని చేశాను. ఒక్క లాగు. పద్నాలుగో పాటా పోతుంది, ఆ నాలుగూ పోతుంది. "ఎవరో కాలు తగిలించారు" అంటాను. మా ఇంట్లో కాళ్ళు చాలానే ఉన్నాయి.

లాగలేదు. మంచితనం కాదు. మా ఆవిడ ఫ్రిజ్ తెరవడానికొచ్చింది.

"ఏంటి, సాకెట్‌తో మాట్లాడుతున్నారా?"

జూన్ 15

బావ వచ్చాడు! చెప్పాపెట్టకుండా! ఎప్పటిలాగే భుజానికి సంచి. ఆ సంచిలో టార్చి, టార్చికి సెల్స్, ఆ సెల్స్ అయిపోతే వెయ్యడానికి ఇంకో సెట్టు ఉంటాయి.

కీబోర్డు చూసి ఆగిపోయాడు. "ఒరే, ఇది ఇంకా బతికే ఉందా?"

"ప్లగ్గు మీద బతుకుతోంది బావా. పీకితే పాటలు పోతాయిట. ఊరికే దుమ్ము దులుపుతున్నా."

ఒక్క మీట మీద వేలు పెట్టాడు. నొక్కలేదు. ఊరికే పెట్టాడు.

పాలు లేవని చెప్పి బయటపడ్డాను. ఫ్రిజ్‌లో రెండు ప్యాకెట్లున్నాయి. సందు చివర టీకొట్టు కుర్చీలో ముప్పావుగంట కూర్చుని వచ్చేసరికి వెళ్ళిపోయాడు.

జూన్ 16

కరెంటు పోతే బాగుండు. నా చెయ్యి పడకుండా.

జూన్ 17, మధ్యాహ్నం 3:20

కరెంటు పోయింది!!! దేవుడున్నాడు!

3:22

దేవుడు లేడు. ఫ్యాను ఆగింది, ఫ్రిజ్ ఆగింది. కీబోర్డు స్క్రీన్ మాత్రం నిక్షేపంలా వెలుగుతోంది. పాట 14. ప్లస్ నాలుగు.

తిరగేసి చూశాను. అడుగున సెల్స్ పెట్టే అర ఒకటుంది. అందులో ఆరు కొత్త సెల్స్.

"ఎవరు పెట్టారివి?"

"అన్నయ్యగారు," అంది మా ఆవిడ. "మొన్న మీరు పాలకని పోయారే, అప్పుడు. ఉన్న పాలకే! కరెంటు పోతే పాటలు పోతాయి కదమ్మా అన్నారు. మీకు చెప్పొద్దన్నారు. 'వాడికి ఇలాంటివి తట్టవు. అయినా దీన్ని ఎంత జాగ్రత్తగా చూసుకుంటున్నాడో చూడు పాపం' అన్నారు."

పాపం అన్నాడట. నన్ను.

జూన్ 18, ఉదయం 11:00

ఫోన్ చేసి రమ్మన్నాను. వచ్చాడు. బల్ల దగ్గర కూర్చోబెట్టి పద్నాలుగో పాట తెరిచి చూపించాను. అరగంట ఉపన్యాసం తయారుచేసుకున్నాను కానీ నోట్లోంచి వచ్చింది మూడు ముక్కలే.

"ఈ నాలుగేంట్రా?" అన్నాడు.

"నాలుగు మెట్లు పైన ఉంది బావా."

"ఎప్పట్నుంచి?"

"ఆరోజు నుంచి."

"ఎవరు ఎక్కించారు?"

ఈ కీబోర్డు వాయించేవాణ్ణి ఆర్కెస్ట్రాలో నేనొక్కణ్ణే.

చాలాసేపు స్క్రీన్ వంకే చూశాడు, మీటరు రీడింగు తప్పొచ్చిందేమో అని చూసినట్టు. తర్వాత అన్నాడు:

"ఇరవై రెండేళ్ళు పొద్దున్నే ఉప్పునీళ్ళు పుక్కిలించానురా. గొంతులో ఏదో ఉందని. ముగ్గురు డాక్టర్లకి చూపించుకున్నా. కుక్కర్ అని పేరు పెట్టింది కూడా నువ్వే కదరా."

"నేనే బావా."

"లే. నించో."

నించున్నా. కొడతాడనుకుని కళ్ళజోడు తీసి పక్కన పెట్టాను.

"పాడు," అన్నాడు.

"ఏంటి?"

"నాలుగులో. మొత్తం పాట. నేను కూర్చుని చూస్తా."

బటన్ ఆయనే నొక్కాడు. పల్లవి ఎలాగో లాగాను. చరణం దగ్గర మునివేళ్ళ మీద లేచాను. మెడ సాచాను. నా గొంతులోంచి వచ్చిన శబ్దాన్ని గొంతు అనడానికి లేదు. మా ఆవిడ గరిటెతో పరుగెత్తుకొచ్చింది. మా అమ్మాయి గోడకి ఆనుకుని కడుపు పట్టుకుంది.

"ఇంకో చరణం ఉంది," అన్నాడు బావ. ఆయన నవ్వలేదు.

అదీ పాడాను. అయ్యాక సంచి భుజానికి తగిలించుకున్నాడు.

"నేను ఇంతకన్నా బాగానే పాడానురా ఆరోజు," అన్నాడు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం 5:00

పాటలు: 0. ఆకలి: 0. మా ఆవిడ ఒక్క ఎత్తిపొడుపు మాట అనలేదు. అదే భయంగా ఉంది.

జూన్ 19, ఉదయం 8:05

అక్క ఫోన్.

"ఒరే, నిన్న మీ బావకి ఏం పెట్టావురా?"

"ఏం పెట్టలేదే. ఏమైంది?"

"గంట నుంచి బాత్రూంలో ఉన్నాడు. కొళాయి విప్పేసి పాడుతున్నాడు! ట్యాంకు ఖాళీ అయింది. నేను గిన్నె కడిగితే నీళ్ళు వృథా అని జన్మంతా సతాయించిన మనిషి!"

"ఏం పాడుతున్నాడు?"

"నువ్వే విను," అని ఫోన్ తలుపుకి ఆనించింది.

వినిపించింది. పగిలింది ఒకచోట. ఆగాడు. మళ్ళీ మొదలెట్టాడు.

ఈ డైరీలో ఇక్కడ తడి మచ్చ ఉంది. టీ ఒలికింది. అంతే.

జూన్ 19, సాయంత్రం 4:30

బావ వచ్చాడు. నాతో మాట్లాడలేదు. మా ఆవిడతో, "అమ్మా, ఆ గాడిదకి చెప్పు, పద్నాలుగోది సున్నాలో పెట్టమని" అన్నాడు.

ఆవిడ నాకు చెప్పింది. ఆయనకి రెండడుగుల దూరంలోనే ఉన్నాను. పెట్టాను.

పాడాడు. చరణం దగ్గర ఇవాళా పగిలింది. నా వంక అనుమానంగా చూశాడు. స్క్రీన్ చూపించాను. సున్నాయే.

"ఇది నీ తప్పు కాదు. యాభై ఎనిమిదేళ్ళ తప్పు," అన్నాడు. మొదటిసారి నాతో. "దించు."

ఒకటి దించాను. రెండు. మైనస్ మూడు దగ్గర కూర్చుంది ఆయన గొంతు. పాత చొక్కా తొడుక్కున్నట్టు కూర్చుంది. మా ఆవిడ గ్యాస్ కట్టేసి వచ్చి గుమ్మంలో నించుంది.

"మీ అక్క అంతా చెప్పేసింది. 24న నేనే పాడతా," అన్నాడు. "ఎన్ని ఎక్కించావు ఇప్పటిదాకా?"

"పదమూడు బావా!"

"ఏ శ్రుతిలో?"

"సున్నా."

"చెరిపెయ్."

కంప్యూటర్లోనే దించొచ్చు బావా అన్నాను. దించి వినిపించాను కూడా. డ్రమ్ములు తడిసిన అట్టపెట్టెల్లా మోగాయి. చెరిపేశాను. పదమూడూ.

జూన్ 20, ఉదయం 6:00

ప్రతిజ్ఞ: ఇరవై పాటలు. మైనస్ మూడులో. రోజుకి ఐదు చొప్పున నాలుగు రోజులు. 23 సాయంత్రానికి ఖతం!! షాపుకి సెలవు. మిక్సీకి సెలవు. వైరు గులాబీ కన్నంలో.

6:20

బావ వచ్చేశాడు. సంచిలోంచి ఇంకో ఆరు సెల్స్ తీశాడు. ఇరవై పాటల్నీ తనే మైనస్ మూడుకి దించి దాచాడు. తర్వాత వేలికి చుట్టుకునే ప్లాస్టర్ ఒకటి తీసి, శ్రుతి బటన్ మీద అడ్డంగా అంటించాడు. జేబులోంచి మీటర్ల పెన్ను తీసి దాని మీద ఏదో రాశాడు.

వంగి చదివాను.

"చెయ్యి తియ్."