నాలుగు శృతి

తెనాలి,
ఆదివారం.

రేపల్లెలో ఉన్న శాలేమురాజు మాస్టారికి,

ఎలా ఉన్నారని అడిగే మొహం నాకు లేదు. ఇక మీ హార్మోనియం అక్కర్లేదు, రికార్డు చేసిన ట్రాకు పెట్టుకుందామని నాటక సమాజంవాళ్ళు అన్నప్పుడు, ఇరవై ఏళ్ళు మీ పక్కన పద్యాలు పాడినవాణ్ణి, సరేనన్నాను.

నిన్న ఇక్కడ నాటకం వేశాం. "నాలుగు శృతిలోనే చెయ్యవయ్యా, నాకలవాటే" అని ట్రాకు చేసేవాడికి నేనే చెప్పాను. మొదటి పద్యం చివర రాగం తీస్తుంటే గొంతు అందక ఆగిపోయాను. మీరైతే నాతోపాటు ఆగేవారు. ట్రాకు మాత్రం నేను నోరు మూసుకున్నాక కూడా మోగుతూనే ఉంది. జనం తలలు దించుకున్నారు.

ఇంటికొచ్చి, పోయినేడు బాపట్లలో మీ హార్మోనియంతో పాడితే జనం వన్స్‌మోర్ కొట్టిన పద్యం ఫోన్‌లో పెట్టించాను. సంగీతం నేర్చుకున్న మా అమ్మాయి శ్రీజ విని, "ఇది రెండున్నర శృతే నాన్నా" అంది.

నాకు తెలియకుండా ఎన్నేళ్ళ నుంచి శృతి తగ్గిస్తూ వచ్చారండీ? జవాబు రాయకపోయినా తప్పుపట్టను.

నాటకం అయిన ప్రతిసారీ, "ఈ వయసులో నాలుగు శృతి, చూశారా మాస్టారూ" అని మీ ముందే మీసం దువ్వేవాణ్ణి. మీరు అవునండి అని, పెట్టె మూసేవారు.