ఆరేళ్లు తిప్పిన తేదీ ముద్ర

అక్కా, నేను కులాసా, కంగారు పడకు. ఇక్కడి ప్రభుత్వానికీ మన ప్రభుత్వానికీ మళ్లీ మాటలు కలిశాయి. ఆరేళ్లుగా తాళం పడ్డ మన కాన్సులేటు నిన్న తెరిచారు. గడువు దాటిన పాస్‌పోర్టుతో వరసలో మొదట నేనే. గుమాస్తా తేదీ ముద్ర చూసి, "ఆగండి బాబూ, ఇదింకా మూసేసిన రోజు దగ్గరే ఉంది!" అన్నాడు. బొటనవేలితో ఏడాది అంకెలు ఒక్కొక్కటే తిప్పుతుంటే హాలంతా గుడ్లప్పగించి చూశాం. నాన్న పోయిన ఏడాది, నీ కూతురు పుట్టిన ఏడాది ఆ వేలి కిందే దాటిపోయాయి. నా కాగితం మీద ముద్ర పడగానే సిరా ఆరేదాకా ఊదుకుంటూ నిలబడ్డాను. నెలలో కొత్త పాస్‌పోర్టు ఇస్తారట. నాన్న ఇనప కుర్చీ కాలు ఎవరిచేతా అతికించకు, వెల్డింగు నేనే వచ్చి చేస్తాను. పాత కొలతలకు చొక్కా కుట్టించకు. బావకు నమస్కారాలు. మేనకోడలికి దీవెనలు. నన్ను చూసి జడుసుకోకుండా దానికి రోజూ నా ఫొటో చూపిస్తూ ఉండు.

నీ తమ్ముడు