పుటావో కొండల మీద మంచు

డిసెంబర్ 12, గురువారం

యాంగోన్‌కి చాలా ఉత్తరాన ఉన్న పుటావో కొండల మీద ఆదివారం మంచు కురుస్తుందని ఫోన్‌లో వాతావరణాన్ని అంచనా కట్టే మోడల్ మూడు రోజులుగా చూపిస్తోంది. అక్కడి ఆసుపత్రిలో నర్సుగా ఉన్న మా అమ్మాయి సుజాతకి వెంటనే చెప్పాను. రెండు చలికాలాలుగా మందపాటి రగ్గు కొనుక్కోమంటే నవ్వి ఊరుకునేది. ఇవాళ తనే ఫోన్ చేసి, "రగ్గు కొనీసినాను నానా. ఇంతకీ ఆ మంచు నా కిటికీలోంచి అవుపిస్తాదేటి?" అంది.

"పొద్దున్నే లేసి సూడమ్మా" అన్నాను, ఇక్కడ యాంగోన్‌లో ఫ్యాను కింద కూర్చుని.

సాయంత్రం చూస్తే మోడల్‌లో మంచు లేదు. వాతావరణం గురించి మాట్లాడుకునే మా ఫోన్ గ్రూపులో మిత్రుడు కో తీహా, "అమ్మాయికి చెప్పేయండి" అని రాశాడు. నిజమే, ఆదివారం ఊరికే నిద్ర పాడుచేసుకుంటుంది.

చెప్తాను. ముందు ఆ రగ్గు రెండు రాత్రులు కప్పుకోనీ.