తార్నాకలో లేని లారీ

తార్నాక,
జూన్ 1998

ప్రత్యేక సరుకుల రవాణా భద్రతా కార్యాలయం అధికారి గారికి తార్నాక రాజలింగు నమస్కరించి రాయునది.

అయ్యా, మీ చిరునామా నాకెక్కడ దొరికిందా అని ఆశ్చర్యపోకండి. మా వీధిలో ఆగిపోయిన లారీ వెనక తలుపు మీద మీరే రాయించుకున్నారు, "ప్రమాదం జరిగితే వెంటనే ఈ చిరునామాకు తెలియజేయండి" అని. ఫోన్ నంబరు ఉండవలసిన చోటు ఖాళీగా వదిలేశారు. అందుకని ఉత్తరం రాస్తున్నాను.

లారీ మొన్న పొద్దున సరిగ్గా మా గేటు ముందర చెడిపోయింది. డ్రైవరు దిగి, బానెట్ ఎత్తి చూసి, "మెకానిక్‌ను తీస్కొస్త పెద్దాయనా" అని చెప్పి పోయాడు. ఇంతవరకు మనిషి పత్తా లేడు. లారీలో పెద్ద ఇనుప పెట్టె ఉంది. దాని మీద పసుపుపచ్చ రంగు మీద మూడు నల్ల రెక్కల గుర్తు ఉంది. మా మేడ మీద అద్దెకుండే భూపాల్ యూనివర్సిటీలో ఫిజిక్స్ రీసెర్చ్ చేస్తాడు. వాడు ఆ గుర్తు చూసి, "అంకుల్, గిది అణు సామాను గుర్తు" అని చెప్పి, ఆ సాయంత్రమే బట్టలు సర్దుకుని హాస్టల్లో దోస్తు గదికి మారిపోయాడు. పోయేవాడు ఊరికే పోలేదు. పరాయి దేశాల్లో విమానాల్లోంచి బాంబులు జారిపడ్డ సంగతీ, కింద ఊళ్లవాళ్లకు ఏళ్ల తరబడి నిజం చెప్పని సంగతీ మా ఆవిడ అమృతమ్మకు వివరంగా చెప్పి మరీ పోయాడు.

పోయిన నెల ఎడారిలో అణుపరీక్ష అయిందని మా చౌరస్తాలో మిఠాయి పంచితే నేనూ రెండు లడ్డూలు తిన్నాను. దేశం మీద నాకేం కోపం లేదు. అమృతమ్మ అడిగేది ఒక్కటే ముక్క, "గీడ ఉండాల్నా, పోవాల్నా?" అని. దానికి జవాబు రాయగలరు.

ఇట్లు,
రాజలింగు
(యూనివర్సిటీ పరీక్షల విభాగం, రిటైర్డ్)

తా.క.: మా వీధి వాలుగా ఉంటుంది. వాలు చివర ఆడపిల్లల హాస్టల్ ఉంది. హ్యాండ్ బ్రేక్ వేశాడో లేదో డ్రైవరు చెప్పలేదు.

*

శ్రీ రాజలింగు గారికి,

మీ ఉత్తరం అందింది. అందినట్టు చెప్పడం మా కార్యాలయ సంప్రదాయం కాదు గనుక అందలేదనే భావించ ప్రార్థన.

మీరు పేర్కొన్న లారీ ఉన్నదని గానీ లేదని గానీ చెప్పే అధికారం మాకు లేదు. అయితే మా రికార్డుల ప్రకారం అటువంటి లారీ తార్నాకలో లేదు. లేని లారీ మీ గేటుకు అడ్డుగా నిలిచే అవకాశం లేదు గనుక మీ ఫిర్యాదు పరిష్కారమైనట్టు నమోదు చేశాం.

ఉండాలా, పోవాలా అన్నది విధానపరమైన ప్రశ్న. దాన్ని పై ఆఫీసు పరిశీలనకు పంపాం.

భవదీయుడు,
సోమయాజులు
ప్రజాసంబంధాల అధికారి

తా.క.: లారీ వెనక చక్రం కింద పెద్ద రాయి ఒకటి పెట్టించండి. దీన్ని లారీ ఉన్నట్టు ఒప్పుకోలుగా భావించరాదు.

*

సోమయాజులు గారికి, లేని లారీ పక్కన ఉన్న రాజలింగు నమస్కారాలు.

మీ ఉత్తరం అమృతమ్మ చేతికిచ్చాను, ధైర్యంగా ఉంటుందని. చదివి, "లేదని రాసిండ్రంటే శాన పెద్దదే ఉన్నట్టు" అన్నది. సంచి సర్దుకుని రామంతాపూర్‌లో వాళ్ల చెల్లెలింటికి పోయింది. నన్నూ రమ్మన్నది. నేను పోతే మీ జవాబు ఎవరు తీసుకుంటారని ఉండిపోయాను. పొద్దున అన్నం మాడ్చాను, సాయంత్రం పప్పు మాడ్చాను. కార్యాలయం వారికి ఇది చిన్న సంగతే కావచ్చు.

సార్, రహస్యం గురించి మీరు నాకు పాఠం చెప్పకండి. యూనివర్సిటీలో ప్రశ్నపత్రాల గది తాళంచెవి నా మొలతాడుకు ఉండేది. నా సర్వీసంతటిలో ఒక్క పేపరు బయటికి పొక్కలేదు. ఎంత పెద్దవాళ్ల బామ్మర్దులు వచ్చి అడిగినా చాయ్ తాగించి పంపాను. కానీ ప్రశ్నలు రహస్యం గానీ, పరీక్ష ఏ రోజన్నది రహస్యం కాదు. అది కూడా దాచిపెడితే పిల్లలు పరీక్షకు ఎట్లా వస్తారు? మీ పెట్టెలో ఏముందో మీరే దాచుకోండి, నాకు అక్కర్లేదు. అది పగిలినా, కారినా మేం ఏం చేయాలో మాత్రం చెప్పండి. అది మీ రహస్యం కాదు, మా ప్రాణం.

ఉండాల్నా, పోవాల్నా?

మీ జవాబు కోసం గేటు దగ్గరే కూర్చున్న
రాజలింగు

తా.క.: రాయి దొరకలేదు. వీధి మొదట్లో గారెల బండి పెట్టుకునే సాలమ్మను బతిమాలి ఆమె రోలు తెచ్చి చక్రం కింద పెట్టించాను. ఎవరైనా ఎత్తుకుపోతారని ఆమె దానికి పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టింది. లారీ తీసుకుపోయేనాడు రోలు ఆమెకు అప్పగించి పోవాలట.

*

గౌరవనీయులైన రాజలింగు గారికి,

మీ ప్రశ్నపై పై ఆఫీసు ఇలా సెలవిచ్చింది. "పొండి" అంటే ప్రమాదం ఉన్నట్టు ఒప్పుకోవడం అవుతుంది. "ఉండండి" అంటే పక్కన ఏదో ఉన్నట్టు ఒప్పుకోవడం అవుతుంది. కాబట్టి మీరు ఉండకుండా, పోకుండా, మధ్యస్థంగా వ్యవహరించగలరు.

ప్రజలు లారీ దగ్గరికి రాకుండా మీరు చూడవలెను. ఎందుకు రాకూడదో మాత్రం ఎవరికీ చెప్పరాదు.

ప్రశ్నపత్రాల గురించి మీరు రాసిన మాట ఫైలులో చేర్చాం. ఆ ఫైలు రహస్యం.

భవదీయుడు,
సోమయాజులు

తా.క.: ఇది టైపు చేయించకుండా చేత్తో రాస్తున్నాను. మా అక్కయ్య మీ పక్కనే సీతాఫల్‌మండిలో ఉంటుంది. ఇక్కడ నాకు కూడా ఎవరూ ఏమీ చెప్పరు. ఆవిడ ఉండాలో పోవాలో మీకు తోచింది తిరుగు టపాలో రాయగలరు.

*

తార్నాక,
బోనాల నాడు

సీతాఫల్‌మండి అక్కయ్య గారి తమ్ముడు సోమయాజులు గారికి,

మీ ఉత్తరం చివర చదివాక నాకు కోపం పోయి భయం పట్టుకుంది. ఇన్నాళ్లూ మీకు తెలిసి చెప్పడం లేదని తిట్టుకున్నాను. తెలియనే తెలియదంటే ఇంక తిట్టడానికి కూడా మనిషి లేడు.

ఇక్కడి సంగతి వినండి. పసుపు రాసిన రోలు చూసి దారిన పోయే ఆడవాళ్లు ఒక నిమ్మకాయ పెట్టారు. మరునాడు దండ పడింది. ఈ రోజు అంబర్‌పేట నుంచి కూడా బోనాలెత్తుకుని వచ్చి లారీ చక్రానికి వేపాకుల పసుపునీళ్ల సాక పోశారు. మీరు చెప్పినట్టే నేను అడ్డం నిలబడి "దగ్గరికి పోవద్దమ్మా" అన్నాను. "ఎందుకు పోవద్దు?" అన్నారు. చెప్పొద్దన్నారు గదా, నోరు మూసుకున్నాను. "చూసిన్రా, పెద్దాయన అమ్మవారిని ఒక్కడే దక్కించుకుందామని చూస్తుండు" అని నన్ను పక్కకు నెట్టి పోయారు. మీ రహస్యం పుణ్యాన, జనం పారిపోవలసిన చోటికే జనం వచ్చి చేరుతున్నారు. పిల్లలు ఆ పెట్టె మీదెక్కి కూర్చుని బెల్లమన్నం తింటుంటే ఒక్కొక్కరినీ చెయ్యి పట్టి కిందికి దించాను, దించినవాళ్లు అటు పక్క నుంచి మళ్లీ ఎక్కారు.

ఇంక చాలనుకున్నాను. మా గోడ మీద మనిషెత్తు అక్షరాలతో రాసేశాను, "ఈ లారీలో ఏముందో ఎవరూ చెప్పరు, పిల్లలను దూరంగా ఉంచండి" అని. అదే మాట కాగితం మీద రాసి, కింద అమృతమ్మ ప్రశ్న కూడా చేర్చి, క్యాంపస్‌లో పరీక్షా ఫలితాలు అంటించే బోర్డు మీద అంటించాను. ఆ బోర్డు చూడని విద్యార్థి లేడు. మధ్యాహ్నానికి ఆర్ట్స్ కాలేజీ మెట్ల దగ్గర నుంచి ఊరేగింపు బయలుదేరింది. భూపాల్ అందరికన్నా ముందు నడుస్తున్నాడు, సిగ్గు లేకుండా. "ఉండాల్నా, పోవాల్నా" అని వాళ్లు అరుస్తూ వస్తుంటే తార్నాక చౌరస్తాలో బస్సులు ఆగిపోయాయి. మా ఆవిడ నెల నుంచి అడుగుతున్న ప్రశ్న అది, వెయ్యి గొంతుల్లో విని నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

అమృతమ్మ కూడా ఊరికే కూర్చోలేదు. రామంతాపూర్‌లో టీవీ స్టేషన్ వాళ్ల చెల్లెలింటికి దగ్గరే. మీ రెండు ఉత్తరాలూ నా దగ్గర్నుంచి తెప్పించుకుని పోయి స్టేషన్ గేటు ముందు నిలబడింది. టీవీ వాళ్లకు లోపల్నుంచి కెమెరా పట్టుకుని బయటికి రాక తప్పలేదు. ఆమె చెప్పింది ఇది: "ఉండుమని ఉత్తరం పంపితే నమ్మ. ఉండుమనెటోడు వచ్చి ఆ లారీ పక్కన నిలబడి రాయాలె. గప్పుడు నేను ఇంటికి వస్త."

మీ అక్కయ్య గారిని పొమ్మనండి. నాకు తెలియదు, తెలియనప్పుడు పొమ్మనడమే ధర్మం. మీరు నాకు మొదటి రోజే రాయవలసిన జవాబు కూడా ఇదే.

ఇట్లు, మధ్యస్థంగా ఉండడం చేతకాని
రాజలింగు

తా.క.: ఈ సాయంత్రం వార్తల్లో చూడండి. మీ సంతకం చాలా పెద్దగా కనిపిస్తుందట. మంచి సంతకం.

*

పూజ్యులు రాజలింగు గారికి,

ఈ ఉత్తరం పోస్టులో రాదు. మీ గేటు ముందు, లారీ బానెట్ మీద కాగితం పెట్టి, నిలబడి రాస్తున్నాను. గేటుకు తాళం ఉంది. మీరు అమృతమ్మ గారిని చూడడానికి రామంతాపూర్ వెళ్లారని సాలమ్మ గారు చెప్పారు. ఆవిడకే ఇచ్చి పంపుతున్నాను.

ఉండండి.

పెట్టె ఖాళీ. మూత తీయించి నేనే లోపలికి దిగి చూశాను. భూపాల్ యూనివర్సిటీ నుంచి రేడియేషన్ కొలిచే యంత్రం తెచ్చి చుట్టూ తిప్పి చూశాడు, ఏమీ లేదు. మొదటి రోజే ఎందుకు తేలేదని అడిగితే, భయమేసిందన్నాడు.

ఇక అసలు సంగతి. లారీ చెడిపోలేదు, కావాలనే ఆపారు. బాంబు మోసుకుపోయే లారీ జనం మధ్య ఆగిపోతే ఎవరైనా ఆ చిరునామాకు రాస్తారా, రాస్తే మేం ఎంత త్వరగా కదులుతాం అని చూడడానికి పెట్టిన పరీక్ష ఇది. పెట్టింది మా కసరత్తుల విభాగం. రహస్యం బయటపడకూడదని ఉత్తరాలు చూసే నాకు చెప్పలేదు. మధ్యస్థంగా ఉండమన్న పై ఆఫీసు విధానాల విభాగానికీ చెప్పలేదు. రెండు విభాగాలూ ఒకే వరండాలో ఎదురెదురు గదులు. కసరత్తుల వాళ్లు రోజూ మీ ఉత్తరం కోసం ఎదురుచూశారు. అది నా బల్ల మీద ఉంది. నేను అలవాటు కొద్దీ లారీయే లేదని రాశాను. తార్నాకలో లారీని ఎవరూ పట్టించుకోలేదని వాళ్లు రిపోర్టు కూడా రాసేశారు. నిన్న సాయంత్రం టీవీలో అమృతమ్మ గారిని చూసి దాన్ని చించారు.

అయ్యా, మీరు చెప్పిందే జరిగింది. పరీక్ష ఏ రోజో కూడా దాచిపెట్టాం, రాయవలసిన వాళ్లమే హాలుకు రాలేదు. పెట్టెలో నిజంగా సరుకు ఉండి ఉంటే మీ వీధికి మిగిలేది లారీయే లేదన్న నా ఉత్తరం ఒక్కటే. తార్నాక పాసైంది, మేం ఫెయిలయ్యాం. ప్రమాదం గురించి ఎవరు రాసినా మొదటి జవాబుగా ఉండండి, పొండి అన్న రెండు మాటల్లో ఒకటి ఆ రోజే చెప్పాలని ఈ ఉదయం ఉత్తర్వు వచ్చింది. కారణం కింద మీ ప్రశ్నపత్రాల మాట ఉన్నదున్నట్టు ఎత్తి రాశారు. దాని మీద రహస్యం అన్న ముద్ర వేయడం మరిచిపోయారు. నేను గుర్తు చేయలేదు.

వెనక తలుపు మీద ఖాళీగా ఉన్న చోట మా ఇంటి ఫోన్ నంబరు సుద్దముక్కతో రాశాను. అమృతమ్మ గారు వచ్చి నన్ను కళ్లారా చూసేదాకా ఇక్కడి నుంచి కదలను. మా అక్కయ్య కూడా వచ్చింది, నా పక్కనే నిలబడి గారెలు తింటోంది. హాస్టల్ పిల్లలు లారీ చుట్టూ డప్పు కొడుతూ ఆడుతున్నారు. చేతిరాత వంకర పోయినందుకు క్షమించాలి.

మీ గేటు ముందు ఉన్న
సోమయాజులు

తా.క.: లారీ తోలుకుపోవడానికి డ్రైవరు వచ్చాడు. ఆడవాళ్లు రోలు కదలనివ్వడం లేదు, సాలమ్మ గారేమో పిండి రుబ్బుకోవాలంటున్నారు. ఈ ప్రశ్న పై ఆఫీసుకు పంపే ఉద్దేశం నాకు లేదు, మీరు వచ్చి తేల్చండి.

మరొక తా.క.: వచ్చే ఏడు ఈ కసరత్తు మళ్లీ ఉందట. ఏ ఊళ్లోనో నాకు చెప్పలేదు. మీ కంటపడితే దయచేసి నాకు ఒక ఉత్తరం రాయండి.