దుప్పి దిగే జాగ

అత్తమ్మా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మన పెరట్లో ఈసారీ బొబ్బర్లు వేశాను. నువ్వు కట్టిన రెండు తడికెల్లో బయటిది వానలకు పడిపోతే, ఒకటి చాల్లే అని వదిలేశాను. అడవి నుంచి దుప్పులొచ్చి, మిగిలిన తడికె మీంచి దూకి సగం మేసిపోయాయి.

పక్కింటి సమ్మన్న తీగ చుట్టతో వచ్చాడు. "కరెంటు పెడుదం వదినా. ఒక్కటి సస్తే మల్ల రావు" అన్నాడు. కోపంలో సరే అనబోయాను. అప్పుడు నీ మాట గుర్తొచ్చింది. ఈ తడికెలు కట్టేముందు మూడు పొద్దులు కొట్టంలో కూర్చుని దుప్పుల్నే చూసి, "అది ఎత్తుకు భయపడదు బిడ్డా, దిగే జాగ కనవడకుంటె దుంకది" అన్నావు. ఆనాడు నేను నవ్వాను.

రెండో తడికె మళ్లీ కట్టాను. ఈ తెల్లవారుజామున తల్లీపిల్లా వచ్చాయి. చెవులు నిక్కించి, రెండు తడికెల మధ్యకు కాసేపు చూసి, వెనక్కి తిరిగాయి.

గోడవతల నుంచి చూస్తున్న సమ్మన్న నోరు తెరిచాడు. "గీ ఉపాయం ఎవలు చెప్పిండ్రు?"

"మా అత్తమ్మ."

అతను తీగ ఇంట్లో పడేసి, తన పెరటికీ రెండు తడికెలు కట్టుకోవడానికి గడ్డపార తెచ్చాడు. తడికెల మధ్య ఎంత దూరమని అడిగితే, నీలాగే రెండు చేతులూ చాచి చూపించాను.

నీ కోడలు