అస్తర్ లేని కోటు

వికారాబాద్,
నవంబర్ 2

నాయనకు, నీ పద్మ వందనాలతో రాస్తున్నది.

ఫోన్ చేస్తే నీ గొంతు వినగానే ఏడుస్తాను. అందుకే ఉత్తరం. కూర్చుని చదువు.

మార్చి నుంచి నీకు అబద్ధాలు చెబుతున్నాను. కోర్టుకు సెలవులన్నాను, కొత్త కేసులతో తాండూరు రావడానికి తీరడం లేదన్నాను. నిజానికి హైదరాబాద్‌లో ఆపరేషన్ అయింది. అమ్మకు వచ్చిందే నాకూ వచ్చింది నాయనా. అదే ఎడమ పక్క. రొమ్ము తీసేశారు. నీకు చెప్పనని సంతోష్‌తో ఒట్టు పెట్టించుకున్నాను, నీ అల్లుణ్ని తిట్టకు. అమ్మ పోయి నాలుగేళ్లు కూడా కాలేదు. ఆమె మంచం పక్కన నువ్వు కూర్చున్న తీరు చూసినదాన్ని, మళ్లీ నిన్ను అక్కడ ఎలా కూర్చోబెట్టను?

జుట్టు మళ్లీ వస్తోంది. ఎడమ చెయ్యి మాత్రం వాచిపోయింది. చంకలోని గడ్డలు కూడా తీశారు కాబట్టి ఇక ఇలాగే ఉంటుందట. పోయిన నెల కోర్టుకు వెళ్దామని నువ్వు కుట్టిన నల్లకోటు తీశాను. నేను లాయరైన రోజు "మన ఇంట్ల ఇంతవరకు ఎవ్వలు ఏస్కోలేదు బిడ్డా, నలభై ఏండ్లు నిలబడాలె" అంటూ గుడ్డ బిర్రుగా నిలబడేలా లోపల గట్టి బక్రం పెట్టి, భుజాలకు దిండ్లు పెట్టి, లోపలంతా నున్నటి అస్తర్ గుడ్డ వేసి కుట్టావే, అదే. ఎడమ చెయ్యి మోచేతి దగ్గరే ఇరుక్కుపోయింది. బలవంతంగా తోస్తే లోపలి బక్రం గాయం మచ్చను ఒరుసుకుని కళ్లు తిరిగాయి. అద్దంలో చూసుకున్నాను. ఏమీ లేనిచోట అన్నీ ఉన్నట్టే ఆ కోటు బిగుసుకుని నిలబడి ఉంది. ఆ అబద్ధం తగిలించుకుని జడ్జి ముందు మాట్లాడలేను.

ప్రాక్టీసు మానేస్తున్నాను. ఫైళ్లన్నీ చంద్రకాంత్ అనే లాయరుకు ఇచ్చేశాను. ఒక్క భీమమ్మది మిగిలింది. యాలాల్ దగ్గర కూలి చేసుకునే మనిషి. మొగుడు పోయాక అత్తింటివాళ్లు ఆరేళ్ల కూతురిని లాక్కున్నారు. పద్నాలుగో తారీఖు వాయిదా. మొన్న వచ్చి మా గుమ్మంలో కూర్చుంది.

"వేరే సారు మంచోడే భీమమ్మా. నాకు పానం బాగలేదు" అన్నాను.

"నా బిడ్డ ముచ్చట నీకు చెప్పిన. మల్ల ఇంకొకలకు చెప్పనీకి నాకు నోరు రాదమ్మా" అంది.

నేను తలుపేసుకున్నాను. అంతదాకా వచ్చాను నాయనా.

ఆపరేషన్ తర్వాత అమ్మ పద్నాలుగు నెలలు బతికింది. నాకిది ఎనిమిదో నెల.

కోటు సంతోష్‌తో పంపుతున్నాను. విప్పి, ఎవరికైనా సరిపోయేలా కుట్టి ఇచ్చెయ్.

నీ బిడ్డ
పద్మారాణి


తాండూరు,
నవంబర్ 12

పద్మా, నా బిడ్డా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు షాపు తెరవలేదు. ముందు నీ మీద కోపమొచ్చింది. తర్వాత నా మీద వచ్చింది. ఎందుకో చెప్తాను.

మీ అమ్మకు ఆపరేషన్ అయ్యాక, ఎవరూ గుర్తుపట్టొద్దని ఆమె రవికల్లో ఎడమ పక్క నేనే దూది కూరి కుట్టాను. మీ అమ్మ అడగలేదు. చర్చిలో నలుగురి ముందు ఆమెకు మర్యాదగా ఉంటుందని నేననుకున్నాను. చివరి రోజుల్లో ఒళ్లు తుడుస్తుంటే చూశాను. ఆ చోటంతా ఒరుసుకుని పుండ్లు పడి ఉంది. "ఎందుకు చెప్పలేదే?" అంటే, "నువ్వు గంత మనసు పెట్టి కుడితివి, ఎట్ల ఇడుస్త?" అన్నది. ఈ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

నీ కోటు విప్పాను. అస్తర్ తీశాను, బక్రం తీశాను, దిండ్లు తీశాను. మిగిలింది వేలాడిపోయింది. బక్రం ఉంటుందని కోసిన గుడ్డ, అది లేకుండా నిలవదు. పక్కన పెట్టి, మెత్తటి నల్లగుడ్డ తెచ్చి కొత్తది కోశాను. నలభై ఏళ్లలో నేను అస్తర్ లేని కోటు కుట్టలేదు, కుట్టినవాళ్లను చూసి నవ్వాను. మొదటిది పాడైంది, భుజం మీద అన్నీ ముడతలే. ఆ రోజుకు కత్తెర పక్కన పెట్టేశాను. రెండోదానికి దిండ్లు లేకుండా, తడిగుడ్డ పరిచి ఇస్త్రీ పెట్టెతో కొంచెం కొంచెంగా సాగదీసి భుజం గుండ్రంగా తెచ్చాను. లోపలి కుట్లను కప్పడానికి అస్తర్ లేదు కాబట్టి ప్రతి అంచుకూ సన్నటి పట్టీ వెయ్యాలి. అది ఇంకా కాలేదు. ఎడమ చేతికి లోపల రెండు అంగుళాల గుడ్డ వదిలాను, వాపు పెరిగితే వదులు చేసుకోవచ్చు. ముందుభాగాన్ని ఏ ఆకారంలోనూ నిలబెట్టలేదు. నీ ఒంటి మీద ఎలా పడితే అలా పడుతుంది.

ప్రస్తుతానికి నిలిచేలా తెల్లదారంతో కచ్చాకుట్టు వేసి పంపుతున్నాను. వేసుకుని, ఎక్కడ పట్టేస్తే అక్కడ సుద్దతో గీత పెట్టి తిప్పి పంపు. ప్రాక్టీసు సంగతి నీ ఇష్టం. నేను అడగను.

మీ నాయన
మత్తయ్య


వికారాబాద్,
నవంబర్ 14, సాయంత్రం

నాయనా,

కోటు తిప్పి పంపడం లేదు.

నిన్న సంతోష్ తెచ్చాడు, ఈ పొద్దున వేసుకున్నాను. చెయ్యి దూరింది. ఎక్కడా ఒరుసుకోలేదు. అద్దంలో ఎడమ పక్క పల్లంగా ఉంది. చూశాను, చాలాసేపు ఏడ్చాను. ఆ తర్వాత విప్పబుద్ధి కాలేదు. భీమమ్మకు ఫోన్ చేసి కోర్టుకు రమ్మన్నాను. "నేను పొద్దుగాల్నే వచ్చి ఈడ్నే కూసున్న" అంది.

నన్ను చూసి అవతలి లాయరు దశరథ్ నవ్వాడు. జడ్జిగారు కళ్లద్దాలు సర్దుకుని అడిగారు: "కోటు మీద ఆ తెల్లదారాలేందమ్మా?"

"మా నాయన ఇంకా కుడుతున్నడు సార్. నాకు రొమ్ము ఆపరేషనయింది, పాత కోటు పట్టలేదు. ఇది పూర్తయ్యేదాకా ఆగితే ఈ తల్లికి ఇంకో వాయిదా పోతది."

నిండు కోర్టులో నా నోటితోనే అన్నాను నాయనా. దశరథ్ తల దించుకున్నాడు. అరగంట వాదించాను. చివర్లో ఊపిరందక బల్ల పట్టుకున్నాను. పిల్లను వచ్చే వాయిదాకు కోర్టుకు తీసుకురావాలని ఉత్తర్వు ఇచ్చారు. గెలిచినట్టు కాదు. కానీ ఇంకో పదిహేను రోజుల్లో భీమమ్మ తన కూతుర్ని చూస్తుంది.

చంక దగ్గర అర అంగుళం పట్టేస్తోంది. ఆదివారం ప్రార్థన అయ్యాక సూదీదారం తీసుకుని నువ్వే ఇక్కడికి రా. ఇంకోటి. డిసెంబర్ తొమ్మిదిన స్కానింగ్ ఉంది. పోయినసారి చూసిన డాక్టరు ఏదో చెప్పబోయి ఆగిపోయాడు. ధైర్యంగా ఉన్నానని నీకు రాయలేను. మార్చిలో ఆపరేషన్ గది బయట సంతోష్ ఒక్కడే కూర్చున్నాడు. ఈసారి నువ్వూ వచ్చి కూర్చో నాయనా.

నీ
పద్మ